వాల్వు చేసిన నేరమేమిటి?

(మోరిస్‌విల్‌లో మన సాంస్కృతికోత్సవ సందర్భంగా చేసిన ప్రసంగానికి పాఠం)



సంగీత సభలో నన్ను మాట్లాడమన్నప్పుడు కార్యకర్తలు పొరబడ్డారేమో అనుకున్నాను. నాకు పాట రాదు, వాయిద్యం రాదు. తాళం కూడా పక్కవాళ్ళ చేతుల్ని చూసి వేస్తాను. అయితే పాడేవారి వెనుక, వాయించేవారి వెనుక, తెర చాటున ఒక పెట్టె ఉంటుంది. అది పనిచేసినంతసేపూ దాన్ని ఎవరూ పలకరించరు. పనిచెయ్యకపోతే మాత్రం సభంతా దాని వంకే చూస్తుంది. ఆ పెట్టె తరఫున వకాల్తా పుచ్చుకుని నాలుగు మాటలు చెప్పటానికి వచ్చాను. దాని పేరు ఆంప్లిఫయరు. అందులోనూ పాతకాలపు వాల్వుల ఆంప్లిఫయరు, గిటారుకు తగిలించేది.

ఇక్కడివాళ్ళు వాల్వును ట్యూబు అంటారు. మనకు ట్యూబు అంటే సైకిలు చక్రంలోదో, లేకపోతే ఇంటి కప్పుకు తగిలించేదో. అందుచేత నేను వాల్వు అనే అంటాను. మన ఇళ్ళలో రేడియో సెట్టు నడిమింటి గూట్లో కొలువుతీరి ఉన్న రోజుల్లో, స్విచ్చి వేశాక పాట రావటానికి అర నిమిషం పట్టేది, జ్ఞాపకం ఉందా? ఆ అర నిమిషం వాల్వులు వేడెక్కటానికి. కుర్రవాళ్ళకు ఈ సంగతి తెలియదు. వాళ్ళ పెట్టెలు మనం ముట్టుకోకముందే పలుకుతాయి.

ఇక కథలోకి వస్తాను. మా మనవడికి పదహారేళ్ళు. మా అమ్మాయి కొడుకు. గిటారు పిచ్చి పట్టింది. ఒక గరాజ్ సేల్‌లో 1960ల నాటి చిన్న ఆంప్లిఫయరు చవగ్గా దొరికితే కొనుక్కొచ్చాడు. ఏ కంపెనీదో చెప్పను, అది అప్రస్తుతం. లోపల మూడే వాల్వులు. మొదటి పది నిమిషాలు బ్రహ్మాండంగా పలికేది. తర్వాత స్వరం బొంగురుపోయి, గుయ్యిమని హోరు మొదలయ్యేది. వాడు వెనకనుంచి తొంగిచూస్తే పెద్ద వాల్వు లోపలి రేకు కుంపటి మీది అట్లకాడలాగా ఎర్రబడి ఉందట. "వాల్వు పాడైంది" అని తీర్మానించి కొత్తది తెప్పించి పెట్టాడు. పది నిమిషాలకు అదీ ఎర్రబడింది. ఇంకొకటి తెప్పించాడు. అదీ అంతే. అప్పుడు నాకు ఫోను వచ్చింది.

"తాతయ్యా, నువ్వు ఇండియాలో రేడియోలు బాగుచేసేవాడివట గదా?"

"చేసేవాణ్ణిరా. ఏమొచ్చింది?"

"ట్యూబు మళ్ళీ రెడ్ అయింది. వెనక మొత్తం విప్పేశాను. పిన్నులన్నీ స్క్రూడ్రైవరుతో గీకి చూద్దామనుకుంటున్నా."

"ప్లగ్గు పీకావా?"

"పీకేశాను. పది నిమిషాలయింది. ట్యూబులు కూడా రెండు తీసేసి ఒకసారి ఆన్ చేసి చూశాను. తర్వాతే పీకాను."

నాకు గుండె జారిపోయింది. "నేను వచ్చేదాకా చెయ్యి పెట్టకు, గదిలోంచి బయటికి రా" అని కేకేశాను. వాళ్ళ ఇల్లు మూడు మైళ్ళు. వెళ్ళి మీటరు పెట్టి చూశాను. గోడకు ఏ సంబంధమూ లేని పెట్టెలో, ప్లగ్గు నేలమీద పడి ఉండగా, మీటరు చూపించిన అంకె 312. మూడు వందల పన్నెండు వోల్టులు! మనవాడి స్క్రూడ్రైవరు కోసం ఓపిగ్గా కాచుకుని ఉన్నాయి. ఈ ఉపన్యాసంలో మిగతాది మీరు మరిచిపోయినా ఫరవాలేదు, ఈ అంకె ఒక్కటీ ఇంటికి పట్టుకెళ్ళండి.

ఇంతకీ నాకు ఈ విద్య ఎక్కడిదంటారా? ఇంజనీరింగు కాలేజీలోది కాదు. గుడివాడలో, నేను నిక్కరు వేసుకునే రోజుల్లో, ఒక రేడియో రిపేరు షాపులో సెలవులంతా కూచునేవాణ్ణి. రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టుకునే రోజులవి. పెళ్ళిళ్ళకు, పందిళ్ళకు అద్దెకు పోయే మైకుసెట్లు కూడా ఆ షాపుకే బాగుకు వచ్చేవి. మా మేష్టారు పెద్దగా చదువుకోలేదు. ఆయన నాకు చెప్పినవి రెండే పాఠాలు.

మొదటిది: "ఒరేయ్ అబ్బాయ్, కుడిచెయ్యి పనికి, ఎడమచెయ్యి జేబుకి." కరెంటు ఒక చేతిలోంచి ఎక్కి రెండో చేతిలోంచి దిగితే దాని దారి గుండెమీదుగా పోతుంది. ఒక చెయ్యి జేబులో ఉంటే ఆ దారి మూసుకుంటుంది. ఆ రోజుల్లో ఏసీ డీసీ సెట్లని ఉండేవి. వాటిలో గోడ కరెంటు వైరు ఒకటి తిన్నగా ఇనప చట్రానికే కలిపి ఉండేది. ప్లగ్గు తిరగేసి పెడితే చట్రమంతా కరెంటే. నిక్కరు జేబులో ఎడమచెయ్యి పెట్టుకునే నేను పని నేర్చుకున్నాను.

రెండోది: "ముందు విను. తర్వాత చూడు. తర్వాత కొలువు. మార్చటం అన్నిటికన్నా ఆఖర్న." నేటి కుర్రవాళ్ళు, నాతోసహా పెద్దవాళ్ళు కూడా, ఈ వరుసను తలకిందులు చేశాం. ముందే మార్చేస్తాం. మార్చితే బాగుపడకపోతే ఇంకొకటి మార్చుతాం. మావాడు చేసింది అదే.

ఈ పెట్టె లోపల ఏం జరుగుతుందో కొంచెం చెబుతాను. మనలో చాలామందిమి కృష్ణా గోదావరి కాలువల పక్కన పెరిగినవాళ్ళం కనుక ఇది తేలిగ్గా బోధపడుతుంది. కాలువ మీద షట్టరు ఉంటుంది. దాని చక్రాన్ని పిల్లవాడు ఒక చేత్తో తిప్పినా కాలువెడు నీళ్ళు పారటమో ఆగటమో జరుగుతుంది. చేసిన శ్రమ చిన్నది, కదిలిన నీరు పెద్దది. వాల్వు అంటే అంతే. గాలి తీసేసిన గాజు బుడ్డిలో, వేడెక్కిన కాథోడు నుంచి ఎలక్ట్రాన్లు బయలుదేరి, చుట్టూ ఉన్న ప్లేటు అనే రేకును చేరతాయి. నడుమ గ్రిడ్డు అనే తీగల జల్లెడ ఉంటుంది. అదే షట్టరు. గిటారు తీగ కదలికతో పుట్టే అతిచిన్న వోల్టేజి ఆ గ్రిడ్డును ఆడిస్తుంది. ప్లేటు దగ్గర అదే ఆట పెద్దదై కనిపిస్తుంది. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగు రెండు అంగాల వాల్వు కనిపెడితే, 1906లో ఈ దేశస్థుడు లీ డి ఫారెస్టు గ్రిడ్డును చేర్చాడు. సినిమా మాట్లాడిందన్నా, రేడియో పాడిందన్నా ఆ జల్లెడ పుణ్యమే. 1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టాక వాల్వులకు క్రమంగా రోజులు దగ్గర పడ్డాయి. మన బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా ఒకప్పుడు రేడియో వాల్వులు తయారుచేసేది.

అయినా గిటారు వాయించేవాళ్ళు మాత్రం వాల్వును వదల్లేదు. మోతాదు మించినప్పుడు వాల్వు ఒక్కసారిగా విరిచినట్టు కాక, కాస్త సాగదీసి, మెత్తగా బొంగురుపోతుంది. ఆ బొంగురే వాళ్ళకు తీపి. అందుకనే రష్యాలోను, స్లొవేకియాలోను, చైనాలోను ఇవాళ్టికీ వాల్వులు తయారవుతున్నాయి.

మావాడి పెట్టెలో చిన్నవాల్వు 12ఏఎక్స్7. ఐరోపా లెక్కలో దాని పేరు ఇసిసి83. ఇది గిటారు గొంతును అందుకుని పెంచుతుంది. పెద్దవాల్వు 6వి6. ఇది స్పీకరును తోస్తుంది. మూడోది 5వై3. ఇది గోడనుంచి వచ్చే ఏసీని డీసీగా మారుస్తుంది. ఇవికాక రెండు ట్రాన్స్‌ఫార్మర్లు, కొన్ని రెసిస్టర్లు, కొన్ని కండెన్సర్లు. అంతే. ఇంత చిన్న సంసారం ఇంకో యంత్రంలో ఉండదు.

ఆ 312 వోల్టులు ఎక్కడివో ఇప్పుడు చెబుతాను. డీసీలోని ఒడుదుడుకుల్ని నిమ్మళపరచటానికి పెద్ద కండెన్సర్లు ఉంటాయి. అవి చెరువుల్లాంటివి. స్విచ్చి తీసేశాక మామూలుగా వేడిగా ఉన్న వాల్వులు ఆ నీటిని కొద్ది క్షణాల్లో తాగేస్తాయి. మావాడు తాగే వాల్వులు రెండూ తీసేసి, నింపే వాల్వును మాత్రం ఉంచి, స్విచ్చి వేశాడు. చెరువు నిండింది, తూము లేదు. అందుకనే పది నిమిషాల తర్వాత కూడా అంత నిలవ ఉంది. ప్లగ్గు పీకాం గదా అని లోపల చెయ్యి పెట్టకూడదు. నల్ల వైరును చట్రానికి కరిపించి, ఒంటిచేత్తో మీటరు పెట్టి చూడాలి. వోల్టులుంటే పది కిలో ఓముల, పది వాట్ల రెసిస్టరును రబ్బరు తొడుగున్న క్లిప్పులతో తగిలించి అర నిమిషం ఉంచాలి. తర్వాత మళ్ళీ మీటరు పెట్టి సున్నా చూసుకోవాలి. కొందరు స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి ఠప్పుమనిపిస్తారు. అది మగతనం కాదు, మందమతితనం.

రెండో ప్రమాదం తోకలో ఉంది. పాత పెట్టెలకు రెండు పుల్లల ప్లగ్గు, ఎర్తు వైరు ఉండదు. పైగా గోడ కరెంటుకూ చట్రానికీ నడుమ చిన్న కండెన్సరు ఒకటి పెట్టేవారు. హోరు తగ్గించటానికి పెట్టినదే గాని, అది లోపల కలిసిపోతే నూట ఇరవై వోల్టులు చట్రానికి, చట్రంనుంచి గిటారు తీగలకు, తీగలనుంచి వేళ్ళకు వస్తాయి. అప్పుడు పెదవి మైకుకు తగిలితే? 1972 మే 3న బ్రిటనులోని స్వాన్సీ పట్టణంలో లెస్ హార్వీ అనే గిటారు విద్వాంసుడు ఎర్తు సరిగా లేని మైకును ముట్టుకుని వేదిక మీదనే ప్రాణాలు కోల్పోయాడు. అందుచేత హోరు సంగతి చూడకముందే మేము చేసిన మొదటి పని, మూడు పుల్లల ప్లగ్గున్న వైరు వెయ్యటం. ఆకుపచ్చ వైరు చట్రానికి గట్టిగా బిగించాలి. నల్లది ముందు ఫ్యూజుకు, తర్వాత స్విచ్చికి పోవాలి. తెల్లది న్యూట్రలు. పెద్దవాళ్ళు ఒకటి గమనించాలి. మనం ఇండియాలో నేర్చుకున్న పాత పద్ధతిలో ఎరుపు కరెంటు, నలుపు న్యూట్రలు. ఇక్కడ నలుపే కరెంటు. ఆ పాత అలవాటు ఇక్కడ ప్రాణం తీస్తుంది. ఆ చిన్న కండెన్సరును కోసి పారేశాం.

మూడోది, సీరీస్ బల్బు. మన ఊళ్ళో ఏ మెకానిక్కు షాపులోనైనా గోడకు ఒక చెక్క, చెక్కకు ఒక బల్బు, ఒక సాకెట్టు ఉండేవి. అనుమానమున్న సెట్టును ముందు ఆ బల్బు ద్వారా వెలిగిస్తారు. బల్బు ఒకసారి వెలిగి మసకబారితే క్షేమం. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో రెండు దారులు కలిసిపోయాయన్నమాట. ట్రాన్స్‌ఫార్మరు మాడిపోయేబదులు బల్బు ఆ కోపాన్ని భరిస్తుంది. దీనికి ఫిలమెంటు బల్బే కావాలి, ఎల్ఈడీ పనికిరాదు. ఈ దేశంలో పాత బల్బులు దొరకటం ఇప్పుడు కష్టమైంది గనుక, ఇంట్లో ఒకటి మిగిలి ఉంటే దాచుకోండి.

నాలుగోది, స్పీకరు తీసేసి వాల్వు ఆంప్లిఫయరును ఎన్నడూ వాయించకూడదు. ఎత్తిన బరువును దించుకునే చోటు లేకపోతే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు లోపలే దెబ్బతింటుంది. దాని ఖరీదు మిగతా సామాను మొత్తానికంటే ఎక్కువ కావచ్చు.

సరే, ఇప్పుడు వైద్యం. ముందు విను అన్నారు మా మేష్టారు. మా దగ్గర మనవడు వాయించటానికి, నేను వినటానికి కూచున్నాం. ముందుగా పెట్టె బయట ఉన్నవాటిని చూశాం. గిటారు వైరు మార్చి చూశాం. గిటారు మార్చి చూశాం. నూటికి చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి, నవ్వకండి. గిటారు పట్టుకుని నిలబడ్డ దిక్కు మార్చితే హోరు తగ్గితే, అది గిటారు పట్టుకొచ్చిన హోరు. పెట్టెది కాదు.

తర్వాత వాల్యూము. పూర్తిగా తగ్గించినా హోరు తగ్గకపోతే దోషం వాల్యూముకు ఇవతల, స్పీకరు వైపు ఉంది. వాల్యూముతో పాటు పెరిగితే అవతల, గిటారు వైపు ఉంది. ఒక్క మీట తిప్పటంతో సగం ఇల్లు వెతికేసినట్టు. మాకు హోరు తగ్గలేదు.

హోరులో కూడా శ్రుతి ఉంటుందని మీకు తెలుసా? అమెరికా కరెంటు క్షణానికి 60 సార్లు ఊగుతుంది, మన ఇండియాలో 50 సార్లు. తిన్నగా గోడ కరెంటు ఎక్కడో అంటుకుంటే 60 హోరు వస్తుంది. డీసీ చేసే దగ్గర కండెన్సర్లు నీరసిస్తే 120 హోరు వస్తుంది. 120 అంటే 60కి సరిగ్గా పై స్థాయి. మంద్ర షడ్జమానికి మధ్య షడ్జమం ఎలాగో అలా. తాళం రాని నాకే ఈ తేడా తెలుస్తుంది, సంగీతం నేర్చిన మా మనవడికి తెలియదా? "తాతయ్యా, ఇది పై సా" అన్నాడు. అనగా డీసీ వైపు.

తర్వాత చూడు. వాల్వులో నారింజరంగు వెలుగు కాథోడును వేడిచేసే తీగది, అది సహజం. గాజు గోడ మీద నీలి చాయ కనిపించినా కంగారు పడనక్కర్లేదు. కాని బూడిదరంగు ప్లేటు రేకు ఎర్రబడితే మాత్రం తక్షణం కట్టెయ్యాలి. కొయ్య పెన్సిలుతో వాల్వుల్ని మెల్లగా తట్టాం. గంటలా మోగితే ఆ వాల్వు సడలిందని. మోగలేదు. మీటలు తిప్పితే గరగరమంటే మురికి అని అర్థం, దానికి స్ప్రే మందుంది. గరగర లేదు. పెట్టె కట్టేసి చిన్నవాల్వు పీకి మళ్ళీ వెలిగించాం. హోరు అలాగే ఉంది. కాబట్టి దోషం పెద్దవాల్వు దగ్గరో, డీసీ దగ్గరో ఉన్నదన్నమాట. చిన్నవాల్వును మళ్ళీ దాని చోట పెట్టేశాం.

ఇక కొలువు. ఎడమచెయ్యి జేబులో. మావాడి పాంటుకు జేబులు చాలానే ఉన్నాయి గనుక ఇబ్బంది లేకపోయింది. 6వి6 వాల్వుకు ఎనిమిదో కాలు కాథోడు. దాని కింద 470 ఓముల రెసిస్టరు ఉంది. అక్కడ 19 వోల్టుల ప్రాంతంలో ఉండవలసింది, 27 ఉన్నాయి. "ఇరవై ఏడుని నాలుగు వందల డెబ్బయితో భాగించరా" అన్నాను. 57 మిల్లీ ఆంపియర్లు. ప్లేటుకూ కాథోడుకూ నడుమ 280 వోల్టులున్నాయి. ఆ రెంటినీ గుణిస్తే పదహారు వాట్లు. పుట్టినప్పుడు ఆ వాల్వు భరించగలనని మాట ఇచ్చింది పన్నెండు, కొన్ని రకాలు పధ్నాలుగు. పధ్నాలుగు కూడా మొయ్యలేనివాడి నెత్తిన పదహారు పెడితే ఎర్రబడడా? కరెంటు ఎక్కువ లాగుతోంది గనుక డీసీ చెరువులు చాలక, హోరు కూడా దానివల్లనే. రెండు రోగాలు కావు, ఒకటే.

అయితే ఎక్కువ ఎందుకు లాగుతోంది? అయిదో కాలు గ్రిడ్డు. మన కాలువ షట్టరు. అక్కడ డీసీ సున్నా ఉండాలి. 8 వోల్టులు కనిపించాయి. షట్టరును ఎవరో లోపలినుంచి ఎత్తి పట్టుకున్నారు. ఎవరు?

చిన్నవాల్వు ప్లేటునుంచి పెద్దవాల్వు గ్రిడ్డుకు పాట వచ్చే దారిలో ఒక చిన్న కండెన్సరు ఉంటుంది. 0.02 మైక్రోఫారడు. చిటికెనవేలు కణుపంత ఉంటుంది. దాని పని మెరకచేనుకూ పల్లపుచేనుకూ నడిమి గట్టులాంటిది. అలల కదలిక అవతలికి అందాలి, నీళ్ళు మాత్రం పోకూడదు. అరవై ఏళ్ళకు ఆ గట్టులో ఎండ్రకాయ బొరియ పడింది. చల్లగా ఉన్నప్పుడు పూడినట్టే ఉండి, పది నిమిషాలు వేడెక్కగానే కారటం మొదలుపెడుతుంది. పైచేనులో సుమారు రెండు వందల వోల్టులు, కిందచేనులో మడి మునిగిపోతోంది. మనం ఏం చేశాం? కిందచేను రైతును మార్చాం. రెండుసార్లు!

అనుమానం తీర్చుకోవటానికి పెట్టె కట్టేసి, చెరువు దింపేసి, సున్నా చూసుకుని, ఆ కండెన్సరు గ్రిడ్డు వైపు కాలును సాల్డరింగు ఐరనుతో ఊడదీశాం. మళ్ళీ వెలిగించి పది నిమిషాలు ఆగాం. గ్రిడ్డు సున్నా. వాల్వు రేకు బూడిదరంగులోనే ఉంది. ఊడదీసిన కాలికి మీటరు తగిలిస్తే నూరు దాటింది. మంచి కండెన్సరైతే అక్కడ దాదాపు ఏమీ ఉండకూడదు. దొంగ దొరికాడు. డాలరుకు అటూ ఇటూ ఖరీదు చేసే వస్తువు.

కొత్త కండెన్సరు వేశాక కాథోడు 19 చూపించింది. లెక్క వేస్తే పన్నెండు వాట్లు. డీసీ చెరువుల కండెన్సర్లు కూడా అరవై ఏళ్ళవి. వాటిని మాత్రం వయస్సు చూసి మార్చాం. అవి రసాయనం ఎండిపోయే జాతి. గుర్తులు కలిపే వైపు తప్పితే పేలతాయి, జాగ్రత్త. ఇకపోతే, మనవడు తీసి అవతల పారేసిన మొట్టమొదటి పెద్దవాల్వును డబ్బాలోంచి తెప్పించి పెట్టాను. పాడింది! ఆ రోజునుంచి ఇప్పటిదాకా పాడుతూనే ఉంది. ఏ నేరమూ చెయ్యకుండా శిక్షపడిన వాల్వు అది.

ఇక్కడ ఒక మనవి. ఇది విని ఇంటికి వెళ్ళి అందరూ పెట్టెలు విప్పమని నేను చెప్పటం లేదు. మీటరు లేనివారు, మీటరు ఉండి దాన్ని నమ్మటం అలవాటు లేనివారు, ఒంటరిగా ఉన్నవారు విప్పకండి. బయటివి పరీక్షించటం, వినటం, వాల్యూము తిప్పి చూడటం అందరూ చెయ్యవచ్చు. ట్రాన్స్‌ఫార్మరు మాడిన వాసన వచ్చినా, ఫ్యూజు పెట్టగానే పోతున్నా తెలిసినవాడి దగ్గరికి తీసుకుపొండి. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని పెద్ద ఫ్యూజు వెయ్యటం, కుక్క మొరుగుతోందని కుక్కను కొట్టి దొంగను లోపలికి పిలవటం వంటిది.

ఈ పాత పెట్టె కోసం ఇంత శ్రమ ఎందుకని మీరు అడగవచ్చు. కొత్తది కొంటే పోదా? మా అమ్మాయి కూడా అదే అడిగింది. దానికి జవాబు మన పాలకొల్లులో ఉంది. 1969లో అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్ పట్టుకున్నప్పుడు, ఆ వాయిద్యం కర్ణాటక సంగీతానికి పనికిరాదన్నారు. మాండలిన్ తీగ మీటగానే మోగి వెంటనే ఆరిపోతుంది. గమకం నిలవదు. ఆయన విద్యుత్ మాండలిన్ తీసుకుని, జంట తీగలకు బదులు అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. ఒంటి తీగ అయితే లాగటానికి వీలు. ఆంప్లిఫయరు ఉంటే ఆరిపోబోయే నాదం నిలబడుతుంది. ఆయనకు గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ రాదు. ఆయన పాడితే, విని ఈయన వాయించేవాడు. 1978లో మా గుడివాడలోనే, త్యాగరాజ ఉత్సవాలలో, ఆ బాలుడి మొదటి కచేరీ జరిగింది. నేను అప్పటికి ఊళ్ళో లేను, విన్న భాగ్యం లేదు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. 2014లో, నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయాడు. విద్యుత్ వాయిద్యంలో సగం గొంతు చేతిలో ఉన్న కొయ్యది, సగం గొంతు వెనకనున్న పెట్టెది. పెట్టెను మార్చటమంటే గొంతును మార్చటమే. మావాడు ఆ పెట్టె గొంతును ఇష్టపడ్డాడు గనుక దాన్నే బాగుచేసుకోవాలి.

ఇంకొక లాభం కూడా కలిగింది. చెప్పటానికి కొంచెం సంకోచిస్తున్నాను. పుట్టిననాటినుంచి మా ఇద్దరి మధ్య తెలుగు "తిన్నావా, పడుకున్నావా, చదువుకున్నావా" దాటలేదు. నా ఇంగ్లీషు వాడికి నవ్వు, వాడి తెలుగు నాకు జాలి. మూడు శనివారాలు ఆ బల్ల దగ్గర కూచున్నాక వాడికి గట్టు, బొరియ, తూము, మడి, షట్టరు అన్నీ వచ్చాయి. ఎండ్రకాయ అంటే ఏమిటని అడిగితే బొమ్మ వేసి చూపించాను. నేను పుట్టిన ఊరు ఎలా ఉండేదో వాడు మొట్టమొదటిసారి అడిగింది ఆ బల్ల దగ్గరే. పిల్లలకు భాష నేర్పాలని మనం వారాంతపు బళ్ళు పెడుతున్నాం, మంచిదే. కాని భాషకు ఒక పని కావాలి. చేతిలో పని ఉంటే మాట దానంతట అదే వస్తుంది. మీకు వంట వస్తే వంట, కుట్టు వస్తే కుట్టు, తోటపని వస్తే తోటపని. పక్కన కూచోబెట్టుకుని తెలుగులో చెయ్యండి.

మోరిస్‌విల్ అంటే ఈనాడు కొత్త ఇళ్ళు, కొత్త కంపెనీలు, 2023లో మేజర్ లీగ్ క్రికెట్ పోటీలు జరిగిన మైదానం. అన్నీ కొత్తవే. పాతది ఏదన్నా ఉంటే మాలాంటి ముసలివాళ్ళమే. మమ్మల్ని మార్చేముందు కాస్త విని, చూసి, కొలిచి అప్పుడు ఆలోచించమని కుర్రవాళ్ళకు నా మనవి.

ఇంక కొద్దిసేపట్లో మా మనవడు ఇక్కడికి వచ్చి మోహన రాగంలో ఒక చిన్న గీతం వాయిస్తాడు. తప్పులు ఉంటే అవి వాడివి. హోరు వినిపిస్తే మాత్రం అది నాది. ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని ఆ తెర చాటున నిలబడి ఉంటాను.